అంచుకు కట్టిన ఎర్రదారం

ఆ ఇంట్లో రెండో పొయ్యి వెలిగి ఐదు రోజులైంది.

వెనక వాకిట్లో తడక పక్కన దేవవ్వ మూడు రాళ్లు పెట్టుకుని తనకూ, తన భర్త హనుమంతుకూ వేరుగా వండుతోంది. లోపల వంటింట్లో ఆమె అత్త శంకరవ్వ చిన్నకొడుకు ముత్యానికి వండిపెడుతోంది. భైంసాలో అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇల్లు. మనుషులు నలుగురే, పొయ్యిలు మాత్రం రెండు. ఎటు కూర్చుని తిన్నా రెండోవాళ్లకు కోపమని శంకరవ్వ పూటపూటా చాయ్‌లో జొన్నరొట్టె తుంచి వేసుకుని అదే బువ్వ అనుకుంటోంది.

ఆ పొద్దున గాలి విసురుగా ఉంది. దేవవ్వ పొయ్యి రెండుసార్లు ఆరింది. మూడోసారి ఊదుతూ, ఊదడం ఆపి గోడకు వినిపించేలా అంది.

"మా పొయ్యి పొగ ఇంజినీరు సారుకు తగుల్తదేమో అత్తా. జర కిటికీ ఏస్కొమ్మను."

ముత్యం చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాడు. విననట్టే చెప్పులు తొడుక్కున్నాడు. ఐదు రోజులుగా అతను బాగా నేర్చుకున్న పని అదొక్కటే.

గాలిమర కంపెనీలో అతను సివిల్ ఇంజనీరు, గుట్ట మీది సైటుకు మేనేజరు. అన్న హనుమంతు అదే సైటులో కాంక్రీటు మేస్త్రి. తమ్ముడి కంటే ఎనిమిదేళ్లు పెద్ద. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి తమ్ముణ్ణి చదివించినవాడు. సాంచెల మోతకు ఒక చెవి పోయాక, తమ్ముడే పిలిపించి చేతికి తాపీ ఇప్పించాడు. ఐదు రోజుల కింద ఆ తమ్ముడే నలభై మంది కూలీల ముందు "తాపీ కింద పెట్టి గుట్ట దిగు" అన్నాడు. హనుమంతు జీపెక్కలేదు. నాలుగు మైళ్లు నడిచి ఇంటికొచ్చి, వేరే వండమని భార్యతో ఒకే మాట చెప్పాడు. ఆ సాయంత్రమే వాకిట్లోకి మూడు రాళ్లు వచ్చాయి.

ఇంత రభసకూ కారణం ఒక గీత.

పునాదికి చుట్టూ కట్టిన చెక్కలు విప్పిన రోజు, కాంక్రీటు మీద నడుము ఎత్తున ఆ గీత కనపడింది. హనుమంతు అది చెక్కల సందున పడిన గీత అన్నాడు. ముత్యానికి నమ్మకం కుదరలేదు. ఇంటి పునాదిని వారం రోజులు తీరిగ్గా పోసినా అడిగేవాడు లేడు. గాలిమర పునాది అట్లా కాదు. పొద్దున మొదలుపెడితే అయ్యేదాకా ఆపకుండా పోయాలి, మొత్తం ఒకే రాయి కావాలి. మధ్యలో ఆగి, పోసింది గట్టిపడ్డాక మళ్లీ పోస్తే ఒక రాయి మీద ఇంకో రాయి పెట్టినట్టే. పైన వంద అడుగుల స్తంభం, దాని కొసన తిరిగే రెక్కలు, రాత్రీపగలూ ఊగులాట. ఏదో ఒక గాలికి ఆ సందు నోరు తెరుస్తుంది.

పోత ఎక్కడా ఆగలేదని రిజిస్టరులో రాసి ఉంది. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఏకధాటిగా పోసినట్టు, ఇంజనీరు ఆసాంతం దగ్గరుండి చూసినట్టు. కింద సంతకం ముత్యానిదే.

ఆ సంతకం అతను పొద్దున ఆరింటికే పెట్టాడు. పెట్టి, నిండు నెలల భార్యను కోరుట్లలో పుట్టింట దింపడానికి బస్సెక్కాడు. "నువ్వు పో తమ్మీ, నేనున్న గద" అని అన్నే అన్నాడు. తిరిగి గుట్ట ఎక్కేసరికి పొద్దు గుంకుతోంది. ముందుగా సంతకం పెట్టిపోవడం అన్ని సైట్లలో ఉన్నదే అని ముత్యం తనకు తాను చెప్పుకున్నాడు. ఉన్నదే. అన్ని సైట్లలో ఆ గీత మాత్రం ఉండదు.

ఈరోజు మధ్యాహ్నానికి నాగపూర్ నుంచి క్రేన్ వస్తుంది. రేపు స్తంభం నిలబెడతారు. పునాది బాగుందో లేదో పది గంటల జీపులో నిజామాబాదుకు కాగితం పోవాలి, అక్కడినుంచి హైదరాబాదు పెద్దసారుకు ఫ్యాక్సు. ముత్యానికి మిగిలింది మూడు గంటలు.

* * *

గుట్ట మీద ఎవరూ లేరు. అతను గోతిలోకి దిగి, గీత వెంబడి ఇనుప బ్రష్షుతో గీకుతూ పోయాడు. మూడు వైపులా ఏమీ తేలలేదు. గీత గీతలాగే ఉంది, ఇటూ కాకుండా అటూ కాకుండా. అన్న చెప్పిందే నిజమేమో అనిపించింది. అట్లా అనిపించగానే ప్రాణం తేలికపడింది కూడా.

తూర్పు మూలన బ్రష్షుకు ఏదో తగిలింది.

ఎర్రదారం. జానెడు పొడుగు. సిమెంటు పాలు పట్టి గట్టిపడి ఉంది. లాగితే రాలేదు. సగం బయట, సగం సరిగ్గా ఆ గీతలో. లోపలున్న ఇనుప చువ్వకు ముడివేసి కొస బయటికి వదిలారని ఎవరికైనా తెలుస్తుంది. ఎందుకు వదిలారో మాత్రం నేతపనివాళ్ల ఇంట్లో పుట్టినవాడికే తెలుస్తుంది.

సాంచె మీద గుడ్డ నడుస్తుండగా పోగులు తెగి, ఆగి, మళ్లీ మొదలైతే ఆ చోట మచ్చ పడుతుంది. మచ్చను దాచకూడదు. అంచుకు ఒక ఎర్రపోగు కట్టి వదలాలి. గుడ్డ తాను మడత విప్పినప్పుడు కొనే సేటుకు ఆ పోగు కనపడుతుంది, ఇక్కడ తప్పుందని తెలుస్తుంది. ముత్యానికి పదేళ్లప్పుడు ఆ ముడి వేయడం నేర్పింది హనుమంతే. సాంచెలు వదిలి ఎనిమిదేళ్లైనా అన్న జేబులో ఎర్రనూలు ఉండ ఎందుకుంటుందా అని ముత్యం నవ్వుకునేవాడు.

ఇప్పుడు నవ్వు రాలేదు, సిగ్గేసింది. ఆ సిగ్గును మోయలేక కోపం చేసుకున్నాడు. చాకుతో బయటి దారం కోసి, చేతి రుమాలులో చుట్టి గుట్ట దిగాడు.

* * *

హనుమంతు వాకిట్లో తింటున్నాడు. శంకరవ్వ గడప మీద కూర్చుని ఉంది, అటు పెద్దకొడుకూ ఇటు ఖాళీ ఇల్లూ కనిపించేలా. ముత్యం నేరుగా తల్లి దగ్గరికి వెళ్లి దారం ముక్క ఆమె అరచేతిలో పెట్టాడు.

"గిదేందో చెప్పు అవ్వా."

ముసలిదాని కళ్లు మసకబారాయి గాని వేళ్లు మొద్దుబారలేదు. రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"గుర్తుపోగు. మనింటి నూలే. యాడ దొరికింది కొడుకా?"

"పునాదిల."

దేవవ్వ గంటె కింద పెట్టింది. హనుమంతు నోట్లో ముద్ద నమిలి మింగాడు. తొందరపడలేదు. నీళ్లు తాగి, చెంబు పక్కన పెట్టి, అప్పుడు తలెత్తాడు.

"దొరికిందా," అన్నాడు. "కట్టి ఇరవై దినాలైంది. నీకు ఇయ్యాల దొరికింది."

"ఎంతసేపు ఆగింది పని?"

"నాలుగు గంటలన్నర."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వెందుకు అడగలే?"

గాలికి తడక కొట్టుకుంటోంది.

ఆ రోజు ఏం జరిగిందో హనుమంతు తమ్ముడికి చెప్పలేదు, తల్లికి చెప్పాడు. పదకొండున్నరకు గుట్ట కింది ఊరి నుంచి కబురొచ్చిందట. మంత్రసాని కొమురవ్వ పోయిందని. పోతకు వచ్చిన నలభై మందీ ఆ ఊరివాళ్లే, వాళ్లలో సగానికి పైగా ఆ ముసలమ్మ చేతుల్లో పుట్టినవాళ్లు. ఊళ్లో పీనుగ ఉండగా పొయ్యి ముట్టించరు, పనిముట్టు పట్టరు. తట్టలు ఎక్కడివక్కడ వదిలి దిగిపోయారు. హనుమంతు దారికి అడ్డం పడి బతిమాలాడు, పది మందైనా ఉండమన్నాడు. ఒకామె అతన్ని చూసి, మీ ఊళ్లో అయితే ఇట్లాగే అడుగుతారా అందట. అతను దారి వదిలాడు.

ఇక మిగిలింది మిక్సరు నడిపేవాడు, హనుమంతు, అన్నం తెచ్చిన దేవవ్వ. ముగ్గురూ మోయగలిగినంత మోశారు. రోహిణి ఎండలో కాంక్రీటు కళ్లముందే బిగుసుకుపోతుంటే తడి గోనెసంచులు కప్పారు. దేవవ్వ అరచేతులు సిమెంటుకు పొక్కి తోలూడాయి. నాలుగింటికి దహనం చేసి, తలస్నానాలు చేసి కూలీలు తిరిగి వచ్చారు. ఆగిన సాంచెను మళ్లీ మొదలుపెట్టినట్టే హనుమంతు పాతదాన్ని తడిపి, సిమెంటు పాలు చల్లి కొత్తది పోయించాడు. పోయించే ముందు తూర్పు మూల చువ్వకు ఎర్రపోగు కట్టాడు.

"తమ్ముడు రాంగనే చూపెడదామని కట్టిన అవ్వా. ఈయన వచ్చిండు. అయిపోవచ్చిందా అన్నడు. ఆఁ అన్న. శెబాష్ అన్నడు. అటెన్క జీపుల కూసోని నిద్రపోయిండు."

"మర్నాడు చెప్పకపోతివా?" అంది శంకరవ్వ.

"మర్నాడు హైదరాబాదు సారొచ్చి, ఇసొంటి మేస్త్రి యాడ దొరికిండని ఈయన భుజం తట్టిండు. ఈయన మొఖం సూసిన. నాకు నోరు రాలే." చెంబు ఇంకాస్త పక్కకు జరిపాడు. "భయమయింది. అబద్ధమెందుకు చెప్పాలె."

ముత్యానికి వదిన చేతులు గుర్తొచ్చాయి. ఆమె వారం రోజులు అరచేతులకు గుడ్డ చుట్టుకుని వండింది. అతను ఆ అన్నమే తిన్నాడు. గుడ్డ ఎందుకని అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా వేళ కాదు. అందుకని గొంతు పెంచాడు.

"చాతగానప్పుడు నాకు ఫోన్ చెయ్యాలె."

"యాడికి చెయ్యాలె? నువ్వెక్కిన బస్సుకా?"

"నేను పోతనంటె పో అన్నది నువ్వే గద."

"అన్న. పెండ్లాం కడుపుతోని ఉన్నది, పో అన్న. సంతకం పెట్టి పో అనలే."

దేవవ్వ నవ్వింది. ఆ నవ్వు ముత్యానికి చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

అతను వాచీ చూసుకున్నాడు. తొమ్మిది దాటింది. పునాది పగలగొట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు, అన్నాడు. స్తంభం నిలిచాక ఆ గీత విచ్చుకుంటే కింద పత్తి చేలల్లో మనుషులుంటారు, అన్నాడు. హనుమంతు కాదనలేదు. పగలగొట్టమన్నాడు. గుర్తు కట్టింది అందుకే గదా అన్నాడు.

దాంతో అయిపోలేదు. తప్పు ఎవరిదో కంపెనీ అడుగుతుంది. మేస్త్రి తన నోటితో చెప్పినట్టు తెలుగులో ఒక కాగితం, కింద మేస్త్రి సంతకం కావాలి. అది వెళ్లాక హనుమంతుకు ఏ సైటులోనూ తాపీ పట్టే దారి ఉండదు. మళ్లీ సాంచెలే, మిగిలిన చెవి కూడా వాటికే.

"రాయి," అన్నాడు హనుమంతు. "రాసి ఇంట్ల సదువు. అవ్వ ఇనాలె."

* * *

ముత్యం లోపలి గదిలో తలుపు దగ్గరికి వేసుకుని రాశాడు. మొదటి పేరా సులువుగానే వచ్చింది. రెండో పేరా దగ్గర కలం ఆగింది.

ఆ రోజు ఇంజనీరు సైటులో లేడని రాస్తే, రిజిస్టరులో సంతకం అబద్ధమని రాసినట్టే. ఉద్యోగం పోతుంది. తమ నేతగాళ్ల వాడలో ఇంజనీరింగు చదివిన మొదటివాడు. నెల తిరిగేలోపు బిడ్డ తండ్రి. అన్న ఎట్లాగూ పోతున్నాడు, ఇద్దరం పోవడం ఎందుకు అనుకున్నాడు. రేపు తన ఉద్యోగం ఉంటేనే గదా అన్నకు ఏదైనా చేయగలిగేది అని కూడా అనుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే మాటలకు అడ్డు చెప్పేవాడెవడు?

రాసుకుని బయటికొచ్చాడు. శంకరవ్వ గడప మీదే ఉంది. హనుమంతు చేతులు కడుక్కుని వాకిట్లో గొంతుక్కూర్చున్నాడు. దేవవ్వ పొయ్యి దగ్గర నిలబడే ఉంది, ఇటు వీపు పెట్టి.

ముత్యం చదివాడు. హనుమంతు అను నేను ఫలానా తేదీన కాంక్రీటు పని నాలుగున్నర గంటలు ఆపితిని. కూలీలు వెళ్లిపోయిన సంగతి పైవారికి తెలుపక మళ్లీ పని మొదలుపెట్టితిని. అక్కడిదాకా గొంతు బాగానే నడిచింది. తర్వాతి వాక్యం మీద కళ్లు పడ్డాయి. కళ్లు ఎత్తితే తల్లి మొహం కనపడింది. రాయగలిగిన మాటను ఆమె ముందు పలకలేకపోయాడు.

నోరు ఇంకో మాట పలికింది.

"ఆ రోజు ఇంజనీరు గారు సైటులో లేరు. పొద్దున్నే సంతకం పెట్టి ఊరికి వెళ్లారు. తప్పు ఆయనది కూడా ఉన్నది."

శంకరవ్వ కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి, ఏ దేవుడికి చెప్పుకుందో. దేవవ్వ వీపు కొద్దికొద్దిగా ఇటు తిరిగింది. బిందెలోంచి చెంబెడు నీళ్లు ముంచి పొయ్యిలో పోసింది. పొగ లేచింది. మూడు రాళ్లలో ఒకదాన్ని కాలితో పక్కకు తోసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. పొగకేమో.

"వంటింట్ల ఇంత బియ్యం ఎక్కువ పొయ్యి అత్తా," అంది.

ముత్యానికి గుండె నిండిపోయింది. ఐదు రోజుల బరువు ఒక్కసారి దిగింది. ఆ ఒక్క నిమిషం తాను చదివిందే రాశానని అతనే నమ్మాడు.

హనుమంతు చెయ్యి చాపాడు. "ఇటియ్యి. సంతకం పెడత."

కలం మాత్రం ఇచ్చి కాగితం తానే పట్టుకుందామనుకున్నాడు ముత్యం. కుదరలేదు. హనుమంతు కాగితాన్ని మోకాలి మీద పరిచి, చూపుడు వేలు మొదటి అక్షరం కింద పెట్టాడు. నాలుగో తరగతి చదువు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వేలు కదిలింది. ముత్యం ఆ వేలు వైపే చూస్తూ నిలబడ్డాడు. గాలి పడిపోయినట్టనిపించింది. పడిపోలేదు, తడక కొట్టుకుంటూనే ఉంది.

వేలు రెండో పేరాలో ఆగింది. వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడికే వెళ్లి ఆగింది.

"ఇంజనీరు గారు రోజంతా సైటులోనే ఉండిరి," హనుమంతు మెల్లగా చదివాడు. "ఆయన కన్నుగప్పి... ఆయనకు తెలియకుండా..." తల ఎత్తలేదు. "నువ్వు సదివింది గీడ లేదు తమ్మీ."

ముత్యం కాగితం కోసం చెయ్యి చాపాడు.

దేవవ్వ వంగి, తన్నిన రాయిని తిరిగి దాని చోటికి జరిపింది. తడి రాయి నేల మీద రాసుకున్న చప్పుడు అందరికీ వినపడింది.

"అన్నా, నేను మల్ల రాస్త. కొత్త కాయితం..."

"వద్దు." హనుమంతు కలం విప్పి, కాగితం అడుగున తన పేరు పెద్దపెద్ద అక్షరాలతో పెట్టాడు. "సదివినంకనే పెట్టిన. ముందుగాల పెట్టి పోయేటోన్ని గాదు నేను."

ఆ మాటతో ముత్యం మొహంలో నెత్తురు లేకుండా పోయింది. ఇదే మనిషి తన ఫీజుల కోసం రెండు షిఫ్టులు నిలబడ్డాడు. ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తి తిడితే బాగుండేది. అతను ఎత్తలేదు.

శంకరవ్వ గడప పట్టుకుని లేచింది. వాకిట్లోకి వచ్చి, పెద్దకొడుకు పక్కన కూలబడింది.

"యాడ లేదు? నాకు చూపెట్టు," అంది.

హనుమంతు ఆమె వేలు పట్టుకుని కాగితం మీద ఆ వాక్యం పక్కన పెట్టాడు. ఆమె వేలు అక్కడే ఉంచి, రెండో చేత్తో రవికె చేతికి గుచ్చుకున్న సూది తీసింది. అంచున, సరిగ్గా ఆ వాక్యానికి ఎదురుగా కాగితాన్ని పొడిచింది. పునాదిలోంచి వచ్చిన ఎర్రదారం ముక్కను నలిపి, సిమెంటు రాల్చి, ఆ కన్నంలోంచి తీసి ముడివేసింది. అరవై ఏళ్లుగా వేస్తున్న ముడి, చూడకుండానే పడింది.

కాగితం చిన్నకొడుక్కు అందించింది.

"తప్పున్న తాను సేటుకు గిట్లనే పోవాలె కొడుకా. తెంపుతవో, ఉంచుతవో నీ ఇష్టం. నేను మాత్రం రేపు నీ అన్నతోని సిరిసిల్ల బస్సుల పోత."

వీధిలో జీపు ఆగింది. ఇంజను ఆపలేదు. డ్రైవరు సిద్దిరాములు గుమ్మంలోకి వచ్చి, క్రేను నిర్మల్ దాటిందట సారూ అన్నాడు. ఒక్కొక్కరి మొహం చూసి గొంతు తగ్గించాడు.

"కవరు ఇస్తే పోత సారూ. పది కావస్తుంది."

వెనకాల దేవవ్వ అగ్గిపుల్ల గీసింది. తడి పొయ్యి అంటుకోలేదు. ఇంకోటి గీసింది.

ముత్యం కాగితాన్ని మడిచి కవరులో పెట్టాడు. దారం కొస అంగుళం మేర బయటికి వేలాడుతోంది. కవరు అంటించాలంటే దాన్ని తెంపాలి, లేదా అట్లాగే పోనివ్వాలి. అతను కొసను రెండు వేళ్లతో పట్టుకున్నాడు. సిద్దిరాములు చెయ్యి చాపి నిలబడ్డాడు.